ఈజ్, యామ్, ఆర్ ఎక్కడ పెట్టాలి, ఎక్కడ పెట్టకూడదు?

"మేడమ్, ఇక్కడ ఈజ్ వస్తుందా, రాదా?" విశాఖపట్నం మద్దిలపాలెంలో సాయంత్రం పూట ఇంగ్లిషు పాఠాలు చెబుతున్న నేను అన్నిటికంటే ఎక్కువసార్లు వినే ప్రశ్న ఇదే. అడిగేవారు చదువు లేనివారు కాదు. డిగ్రీ పూర్తిచేసి రుషికొండ వైపు ఉద్యోగాలు వెతుక్కుంటున్న పిల్లలు, ఆస్పత్రి నర్సులు, గాజువాక నుంచి షిఫ్టు దిగి నేరుగా వచ్చే ఫిట్టర్లు. పదేళ్లు బడిలో ఇంగ్లిషు చదివారు. ఈజ్, యామ్, ఆర్ పట్టిక అడిగితే గడగడా అప్పజెబుతారు. మాట్లాడబోయేసరికి మాత్రం ఆ చిన్న మాట జారిపోతుంది, లేదా అక్కర్లేని చోట వచ్చి కూర్చుంటుంది.

బీచ్ రోడ్డులో ఒక హోటల్ రిసెప్షన్‌లో చేరిన అమ్మాయి మొదటి వారం అతిథితో "రూమ్ రెడీ సర్" అంది. ఈజ్ మరిచిపోయావని పక్కనున్న సీనియర్ చెప్పాడు. మరుసటి రోజు ఆమె ఎంతో జాగ్రత్తగా "రూమ్ ఈజ్ గెట్ రెడీ సర్" అంది. మొదటి వాక్యంలో ఉండాల్సినది లేదు, రెండో దానిలో ఉండకూడనిది ఉంది. రెండు తప్పులూ ఒకే చోట పుట్టాయి. "గది సిద్ధం" అంటే తెలుగులో నిండు వాక్యం. అందులో క్రియ లేదు, ఉండాల్సిన అవసరమూ లేదు. ఇంగ్లిషులో క్రియ లేకపోతే వాక్యమే నిలబడదు. అందుకే పట్టికను వందసార్లు వల్లె వేసినా లాభం లేదు. మీ తెలుగు వాక్యంలో క్రియ లేని ఖాళీ ఎక్కడుందో పట్టుకోవడం నేర్చుకోవాలి. ఈ పద్ధతి అంతా దాని గురించే.

కావలసినవి

గీతల నోటు పుస్తకం ఒకటి, నీలం పెన్ను, ఎరుపు పెన్ను. మాట రికార్డు చేయగల ఫోను. రోజుకు 20 నిమిషాల చొప్పున పది రోజులు.

వీటన్నిటికంటే ముఖ్యం, మీ సొంత వాక్యాలు 30. పుస్తకంలోని వాక్యాలు వద్దు. నిన్న మీరు నిజంగా తెలుగులో అన్న మాటలనే రాయండి: "నేను కాంప్లెక్స్ (ఆర్టీసీ బస్టాండు) దగ్గర ఉన్నాను", "మావాడు పదో తరగతి", "ఈ రోజు ఉక్కగా ఉంది", "టమాటాలు మెత్తగా ఉన్నాయి". మీ నోటి నుంచి వచ్చిన వాక్యమే రేపు మళ్లీ మీకు అవసరపడుతుంది.

1. మూడు మాటలను నోటికి పట్టించండి

ఐ పక్కన యామ్. హీ, షీ, ఇట్, ఒక్క మనిషి, ఒక్క వస్తువు పక్కన ఈజ్. వీ, యూ, దే, ఒకటికి మించి ఏమున్నా ఆర్. ఇది మీకు ముందే వచ్చు.

ఎదుట ఒక్కరే ఉన్నా "యూ ఆర్" అనడం ఎందుకని చాలామంది అడుగుతారు. పూర్వం ఇంగ్లిషులో ఒక్కరితో మాట్లాడడానికి దౌ అనే వేరే మాట ఉండేది. యూ బహువచనం. పెద్దలను గౌరవంగా యూ అనడం క్రమంగా అందరికీ పాకి, దౌ వాడుక నుంచి తప్పుకుంది. అంటే యూ మన "మీరు" లాంటిదే. ఒక్కరినే అయినా "మీరు ఉన్నారు" అంటాం కదా, "యూ ఆర్" కూడా అంతే. అన్నట్టు, యామ్, ఈజ్ మనకు పూర్తిగా పరాయివేమీ కావు. సంస్కృతంలోని అస్మి, అస్తి వీటికి దగ్గరి చుట్టాలు.

జాగ్రత్త: మన మాటలు అచ్చుతో ముగుస్తాయి కాబట్టి "ఈజు", "ఆరు" అని చివర ఉకారం వచ్చేస్తుంది. దాన్ని కోసేయండి. ఈజ్ అని దీర్ఘంతో రాస్తున్నా పలికేటప్పుడు ఇకారం పొట్టిదే. గొంతు మీద వేలు ఆనించి పలికితే చివరి శబ్దం దగ్గర తుమ్మెద రొదలాంటి అదురు తెలియాలి. అదురు లేదంటే మీరు "ఇస్" అంటున్నారు.

వేగంగా మాట్లాడేవారు "ఐ యామ్"ను "ఐమ్" అని, "షీ ఈజ్"ను "షీజ్" అని కలిపేస్తారు. అది విని, ఇంగ్లిషువారు కూడా వదిలేస్తున్నారనుకునేవారు నాకు చాలామంది కనిపించారు. వదిలేయడం లేదు, అతికిస్తున్నారు. మీరు మొదటి పది రోజులు విడదీసే పలకండి.

2. ఖాళీ చోటును కనిపెట్టండి

నోటు పుస్తకంలో ఎడమ పేజీలో తెలుగు వాక్యం రాయండి. క్రియ ఉంటే దాని కింద నీలం గీత గీయండి. క్రియ లేకపోతే, ఎవరి గురించి చెబుతున్నారో ఆ మాట తర్వాత ఎర్ర సున్నా చుట్టండి. కుడి పేజీలో ఇంగ్లిషు వాక్యం రాసేటప్పుడు ఆ సున్నా ఉన్న చోట యామ్, ఈజ్, ఆర్‌లలో ఒకటి పెట్టండి.

మా అక్క ○ నర్సు: "మై సిస్టర్ ఈజ్ ఎ నర్స్."
ఈ వంకాయలు ○ లేతవి: "దీజ్ బ్రింజాల్స్ ఆర్ టెండర్."
నా పేరు ○ ఫలానా: "మై నేమ్ ఈజ్ ఫలానా."

"మైసెల్ఫ్ ఫలానా" అని పరిచయం చేసుకునే అలవాటు మన దగ్గర బలంగా పాతుకుపోయింది. నా లెక్కలో దానికీ కారణం ఈ ఖాళీయే. "నేను ఫలానా" అనడంలో క్రియ లేదు కాబట్టి ఇంగ్లిషులోనూ క్రియ లేకుండా గడిచిపోయే ఒక మాటను పట్టుకున్నాం. ఇంటర్వ్యూలో మొదటి వాక్యమే ఇదైతే అవతలివారు రెండో వాక్యం వినకముందే ఒక అభిప్రాయానికి వస్తారు. ఈ రోజే మానేయండి. "ఐ యామ్ ఫలానా" అంటే చాలు.

"నేను డ్రైవర్‌ని" అన్నప్పుడు సున్నా ఎక్కడ చుట్టాలని ఒకాయన అడిగారు. చక్కటి ప్రశ్న. డ్రైవర్‌ని, డ్రైవర్‌వి అన్నప్పుడు ఆ "ని", "వి" చివర చేరి దాదాపు యామ్, ఆర్ చేసే పనే చేస్తున్నాయి. అయినా అవి క్రియలు కావు కాబట్టి సున్నా చుట్టండి: "ఐ యామ్ ఎ డ్రైవర్." వృత్తి పేరు ముందు ఎ గానీ యాన్ గానీ తప్పకుండా ఉండాలి. "ఐ యామ్ డ్రైవర్" అంటే యామ్ సరిగ్గా పెట్టినా వాక్యం కుంటుతుంది.

ఇక్కడ ఇంకో రెండు చోట్ల కాలు జారుతుంది. "మావాడు పదో తరగతి" అంటే పిల్లవాడు తరగతిలో ఉన్నాడని అర్థం, వాడే తరగతి అని కాదు. కాబట్టి "మై సన్ ఈజ్ ఇన్ టెన్త్ క్లాస్." రెండోది, "మాది శ్రీకాకుళం." మాట్లాడేది ఒక్కరే అయినా మనం "మాది" అంటాం. ఇంగ్లిషులో అది "వీ ఆర్" కాదు, "ఐ యామ్ ఫ్రమ్ శ్రీకాకుళం." మా ఇల్లు, మా నాన్న, మా ఊరు అన్నీ ఇంతే: "మై" అనండి.

3. పని చెప్పే వాక్యంలో తోక చూడండి

క్రియ కింద నీలం గీత గీశారు కదా, ఇప్పుడు దాని చివర చూడండి.

"తున్నాను, తున్నాడు, తున్నారు" ఉంటే యామ్, ఈజ్, ఆర్‌లలో ఒకటి వస్తుంది, పనిమాటకు ఇంగ్ తోక తగులుతుంది. "బస్సులో వెళ్తున్నాను" అంటే "ఐ యామ్ గోయింగ్ బై బస్."

"తాను, తాడు, తారు" ఉండి, అది రోజూ జరిగే పని అయితే యామ్, ఈజ్, ఆర్‌కు అక్కడ చోటు లేదు. "రోజూ బస్సులో వెళ్తాను" అంటే "ఐ గో బై బస్ ఎవ్రీ డే." "ఐ యామ్ గో" అనే వాక్యం ఇంగ్లిషులో ఏ సందర్భంలోనూ లేదు. "ఐ యామ్ అగ్రీ", "ఐ యామ్ స్టే ఇన్ గాజువాక" కూడా ఇదే తప్పు. ఒప్పుకుంటాను, ఉంటాను అని తెలుగులో అనుకుని చూడండి, తోక మీకే కనిపిస్తుంది.

ఒక్క నియమం గట్టిగా పట్టుకోండి: యామ్, ఈజ్, ఆర్ వెనక పనిమాట మామూలు రూపంలో ఒంటరిగా రాకూడదు. ఇంగ్ తోకతో రావచ్చు. లేదా పని జరిగిపోయి ఉన్న స్థితిని చెప్పే రూపంలో రావచ్చు: "గుడి మూసి ఉంది" అంటే "ద టెంపుల్ ఈజ్ క్లోజ్డ్." హోటల్ అమ్మాయి రెండు విధాలుగా అనవచ్చు. గది సిద్ధమైతే "ద రూమ్ ఈజ్ రెడీ సర్." ఇంకా శుభ్రం చేస్తుంటే "దే ఆర్ క్లీనింగ్ ద రూమ్ సర్."

జాగ్రత్త: "రేపు వెళ్తాను"లో కూడా "తాను" ఉంది. అది రేపటి మాట, దానికి విల్ కావాలి. రేపు, వచ్చే వారం లాంటి మాటలు కనిపిస్తే ఆ వాక్యాన్ని ఇప్పటికి పక్కన పెట్టండి.

4. "ఉంది" కనిపిస్తే ఆగండి

నా విద్యార్థులు ఎక్కువగా తడబడేది ఇక్కడే. మన "ఉంది" ఒక్కటే మాట, ఇంగ్లిషులో దానికి మూడు దారులు.

మొదటి దారి సులువు. తెలిసిన మనిషి, తెలిసిన వస్తువు ఎక్కడుందో, ఎలా ఉందో చెబితే ఈజ్, ఆర్. "అమ్మ వంటింట్లో ఉంది" అంటే "మదర్ ఈజ్ ఇన్ ద కిచెన్."

రెండోది, అవతలివారికి కొత్త విషయం చెప్పడం. అప్పుడు "దేర్ ఈజ్", "దేర్ ఆర్". దీన్ని గుర్తుపట్టే కిటుకు తెలుగు మాటల వరుసలోనే ఉంది. "ఏటీఎం కాంప్లెక్స్ దగ్గర ఉంది" అంటే ఏ ఏటీఎం గురించో ఇద్దరికీ తెలుసు: "ది ఏటీఎం ఈజ్ నియర్ ద కాంప్లెక్స్." "కాంప్లెక్స్ దగ్గర ఏటీఎం ఉంది" అంటే ఇప్పుడే కొత్తగా చెబుతున్నారు: "దేర్ ఈజ్ యాన్ ఏటీఎం నియర్ ద కాంప్లెక్స్." తెలుగు వాక్యం చోటుతో మొదలైతే "దేర్" వైపు, వస్తువుతో మొదలైతే వస్తువు వైపు వెళ్లండి. నూటికి నూరుసార్లు కాకపోయినా చాలాసార్లు ఇది సరైన దారి చూపిస్తుంది.

మూడోది "నాకు", "నా దగ్గర"తో మొదలయ్యే వాక్యాలు. ఇక్కడ "గా" ఉందో లేదో చూడండి. "నాకు ఆకలిగా ఉంది", "నాకు సంతోషంగా ఉంది" అన్నప్పుడు "గా" ఉంది, కాబట్టి యామ్: "ఐ యామ్ హంగ్రీ", "ఐ యామ్ హ్యాపీ." "నాకు పని ఉంది", "నాకు ఇద్దరు అన్నలు ఉన్నారు" అన్నప్పుడు "గా" లేదు, కాబట్టి హ్యావ్: "ఐ హ్యావ్ వర్క్", "ఐ హ్యావ్ టూ ఎల్డర్ బ్రదర్స్." దీన్ని "ఐ యామ్ హ్యావింగ్ టూ బ్రదర్స్" అనకండి. తినడం, తాగడం అనే అర్థంలో హ్యావింగ్ వస్తుంది గానీ, కలిగి ఉండడం అనే అర్థంలో రాదు.

"గా" కిటుకు పనిచేయనిది జబ్బుల దగ్గర. జ్వరంగా ఉన్నా, జలుబుగా ఉన్నా హ్యావ్ వాడాలి. నర్సులు ఈ జంటను ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోవాలి: "ఐ యామ్ కోల్డ్" అంటే చలిగా ఉంది, దుప్పటి కావాలి. "ఐ హ్యావ్ ఎ కోల్డ్" అంటే జలుబు చేసింది, మందు కావాలి.

"నాకు"తో మొదలై అసలు క్రియే లేని వాక్యాలూ ఉన్నాయి. "నాకు కాఫీ ఇష్టం." రెండో మెట్టు ప్రకారం సున్నా చుట్టాలనిపిస్తుంది. చుట్టకండి. ఇష్టం, తెలుసు, కావాలి అనే వాటికి ఇంగ్లిషులో సొంత క్రియలు ఉన్నాయి: "ఐ లైక్ కాఫీ", "ఐ నో", "ఐ వాంట్." "ఐ యామ్ లైక్ కాఫీ" అంటే నేను కాఫీలా ఉన్నానని అర్థం వస్తుంది. వయసు, భయం మాత్రం సున్నా వైపే: "నాకు ఇరవై ఏళ్లు" అంటే "ఐ యామ్ ట్వెంటీ", "నాకు భయం" అంటే "ఐ యామ్ అఫ్రెయిడ్."

ఎండా వానా, వేళా పాళా గురించి చెప్పేటప్పుడు తెలుగులో క్రియ ఉన్నా కర్త ఉండదు. "ఉక్కగా ఉంది." ఏది? చెప్పం. ఇంగ్లిషుకు కర్త కావాలి కాబట్టి ఇట్ పెట్టండి: "ఇట్ ఈజ్ హ్యూమిడ్." "వాన పడుతోంది" అంటే "ఇట్ ఈజ్ రెయినింగ్."

5. ఒకటా, ఎక్కువా? తెలుగు లెక్కను నమ్మకండి

ఒక కుర్రవాడు ఇంటర్వ్యూ నుంచి తిరిగొచ్చి నా దగ్గర చాలాసేపు మౌనంగా కూర్చున్నాడు. తండ్రి గురించి అడిగితే "మై ఫాదర్ ఆర్ ఎ ఫార్మర్" అన్నాడట. తప్పని తెలియదా అని అడిగాను. తెలుసన్నాడు. "నాన్నను పట్టుకుని ఈజ్ అనడానికి నోరు రావడం లేదు మేడమ్, వాడు అన్నట్టు ఉంటుంది" అన్నాడు. ఆ మాట నాకు మనసులో ఉండిపోయింది. నాన్నగారు ఉన్నారు, సార్ వచ్చారు, డాక్టరు గారు చెప్పారు అని పుట్టినప్పటి నుంచి గౌరవాన్ని క్రియలోనే చూపిస్తూ పెరిగినవాళ్లం మనం. ఇంగ్లిషు క్రియలో ఆ చోటే లేదు. పసిపిల్లవాడికీ ఈజ్, తాతగారికీ ఈజ్, దేశాధ్యక్షుడికీ ఈజ్. అందులో అగౌరవం లేదు. గౌరవం చూపించాలంటే సర్, మేడమ్ అనే పిలుపు ఉంది, గొంతులోని మెత్తదనం ఉంది. ఈ మెట్టు కోసం ఒక పని చేయండి: ఇంట్లోని పెద్దలందరి గురించి ఒక్కో వాక్యం రాసి, పైకి పదేసిసార్లు చదవండి. "మై ఫాదర్ ఈజ్ ఎ ఫార్మర్. హీ ఈజ్ సిక్స్టీ. హీ ఈజ్ ఎట్ హోమ్." సంకోచం మాటలో కంటే మనసులో ఎక్కువగా ఉంటుంది, పైకి చదివితేనే పోతుంది.

మనకు బహువచనమై ఇంగ్లిషుకు ఏకవచనమైనవి కొన్ని ఉన్నాయి. పాలు, నీళ్లు, డబ్బులు, వార్తలు, సామాన్లు. తెలుగులో "పాలు వేడిగా ఉన్నాయి" అంటాం కాబట్టి "మిల్క్ ఆర్ హాట్" అని వచ్చేస్తుంది. మిల్క్, వాటర్, మనీ, న్యూస్, లగేజ్ అన్నిటికీ ఈజ్. న్యూస్ చివర ఎస్ అక్షరం ఉంది కదా అని మోసపోకండి.

దీనికి తలకిందులుగా, మనకు ఒకటైనది వారికి రెండు. ప్యాంటు, కత్తెర, కళ్లజోడు. "నా ప్యాంటు తడిగా ఉంది" అంటే "మై ప్యాంట్స్ ఆర్ వెట్." రెండు కాళ్లు, రెండు అంచులు, రెండు అద్దాలు ఉన్నవాటిని ఇంగ్లిషు రెండుగానే లెక్కేస్తుంది. పీపుల్, పోలీస్ చివర ఎస్ లేకపోయినా ఆర్. "అందరూ వచ్చారు" అనే అలవాటుతో ఎవ్రీవన్ పక్కన ఆర్ పెడతారు. అక్కడ ఈజ్.

డబ్బు మొత్తాన్ని ఒక్క ముద్దగా చూడాలి. ఆటో బేరంలో "ఫైవ్ హండ్రెడ్ రుపీస్ ఈజ్ టూ మచ్" అనాలి, ఆర్ కాదు.

పక్క మాట చేసే మోసం ఇంకొకటి. "ద ప్రైస్ ఆఫ్ ద మ్యాంగోస్" తర్వాత ఏం పెట్టాలి? మ్యాంగోస్ పక్కనే ఉంది కాబట్టి చేయి ఆర్ వైపు వెళుతుంది. ఇలాంటప్పుడు తెలుగులోకి తిరిగి రండి: "మామిడిపళ్ల ధర." తెలుగులో అసలు మాట ఎప్పుడూ చివర ఉంటుంది. చివర ఉన్నది ధర, అది ఒక్కటే, కాబట్టి ఈజ్. "వన్ ఆఫ్ మై ఫ్రెండ్స్" అంటే "నా స్నేహితుల్లో ఒకరు." చివర ఉన్నది ఒకరు, కాబట్టి ఈజ్. ఇంగ్లిషు పుస్తకాలు దీన్ని పేజీలకు పేజీలు వివరిస్తాయి. తెలుగు వచ్చినవారికి ఈ ఒక్క చూపు సరిపోతుంది.

6. కాదు, లేదు

"ఆయన డాక్టరు కాదు." "ఆయన ఇంట్లో లేరు." మనకు రెండు వేరు మాటలు, ఇంగ్లిషులో రెండింటికీ "ఈజ్ నాట్" ఒక్కటే. ఇక్కడ ఇంగ్లిషే తేలిక. "నాకు తెలియదు", "నేను తినను" లాంటివి మాత్రం పని చెప్పే వాక్యాలు: "ఐ డోంట్ నో", "ఐ డోంట్ ఈట్." "ఐ యామ్ నాట్ నో" అని ఎప్పుడూ అనకండి.

7. అడిగేటప్పుడు జరపండి

తెలుగులో చివర ఒక దీర్ఘం తీస్తే ప్రశ్న అయిపోతుంది: సిద్ధమా, డాక్టరా. ఇంగ్లిషులో యామ్, ఈజ్, ఆర్‌ను కర్తకు ముందుకు జరపాలి. "ద రూమ్ ఈజ్ రెడీ", "ఈజ్ ద రూమ్ రెడీ?"

వేర్, వై, వెన్ లాంటి మాట ముందుంటే జరపడం మరిచిపోతారు. కాంప్లెక్స్ బయట ఆటో నడిపే ఒకాయన రోజుకు ఎన్నోసార్లు "వేర్ యూ ఆర్ గోయింగ్ మేడమ్?" అని అడిగేవారు. ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో "వేర్ ఆర్ యూ గోయింగ్?" అని రాసి, బండి అద్దం పక్కన అతికించుకున్నారు. వారం తర్వాత కాగితం తీసేసినా మాట సరిగ్గానే వచ్చింది. మీరు రోజూ అడిగే ప్రశ్న ఒకటి ఎంచుకుని, పనిచేసే చోట కంటికి ఎదురుగా అతికించండి.

జాగ్రత్త: "చెబుతారా", "తెలుసా" అని మర్యాదగా మొదలుపెడితే జరపకూడదు. "డూ యూ నో వేర్ ద బస్ స్టాప్ ఈజ్?" ఇక్కడ ఈజ్ చివరే ఉండాలి.

మన "కదా" అన్ని వాక్యాలకూ సరిపోతుంది. అందుకే అందరూ "ఈజింట్ ఇట్?" అనేస్తున్నారు. కర్త ఇట్ గానీ, ఇట్ అనదగ్గది గానీ అయి, ముందు ఈజ్ ఉంటేనే అది సరి. "యూ ఆర్ ఫ్రమ్ విజయనగరం, ఆరింట్ యూ?" "షీ ఈజ్ ఎ నర్స్, ఈజింట్ షీ?" ఇది వెంటనే పట్టుబడకపోతే కొన్నాళ్లు చివర "రైట్?" అని అడగండి, ఎక్కడైనా చెల్లుతుంది.

8. యామ్ చాలని చోటు

"అయిదేళ్లుగా విశాఖలో ఉన్నాను." తెలుగు వాక్యం వర్తమానంలో ఉంది, కాబట్టి "ఐ యామ్ ఇన్ విశాఖపట్నం సిన్స్ ఫైవ్ ఇయర్స్" అని వస్తుంది. ఎప్పటి నుంచో మొదలై ఇప్పటికీ సాగేదానికి యామ్ చాలదు: "ఐ హ్యావ్ బీన్ ఇన్ విశాఖపట్నం ఫర్ ఫైవ్ ఇయర్స్." మీ 30 వాక్యాల్లో "నుంచి", "గా" అని కాలం చెప్పేవి ఉంటే పక్కన గుర్తు పెట్టుకోండి. వాటి పాఠం వేరు.

సరిచూసుకోవడం ఎలా?

రోజూ రాసినదాన్ని రాసిన వెంటనే దిద్దకండి, మర్నాడు దిద్దండి. ఎరుపు పెన్ను తీసుకుని ప్రతి ఇంగ్లిషు వాక్యంలో రెండు ప్రశ్నలే వేసుకోండి. క్రియ ఉందా? యామ్, ఈజ్, ఆర్ వెనక పనిమాట ఒంటరిగా ఉందా? మొదటిదానికి లేదని, రెండోదానికి ఉందని జవాబు వస్తే తప్పు. నా దగ్గర రాసేవారి తప్పుల్లో ఎక్కువ భాగం ఈ రెండు ప్రశ్నలతోనే బయటపడతాయి.

రాతలో సరిగ్గా ఉన్నది మాటలో ఉండకపోవచ్చు. ఆరో రోజున బీచ్ రోడ్డుకు వెళ్లి కురుసుర జలాంతర్గామి ముందు నిలబడండి. ఫోనులో రికార్డు పెట్టి, కంటికి కనిపించేవాటి గురించే ఆగకుండా రెండు నిమిషాలు మాట్లాడండి. ఇది జలాంతర్గామి. ఇప్పుడు మ్యూజియం. ఎదురుగా ఒక విమానం ఉంది. అదీ మ్యూజియమే. పిల్లలు ఐస్‌క్రీం తింటున్నారు. గాలి ఎక్కువగా ఉంది. ఈ ఆరు వాక్యాల్లోనే ఖాళీ చోటు, "దేర్ ఈజ్", ఇంగ్ తోక, ఇట్ అన్నీ వచ్చేశాయి. కురుసుర నౌకాదళంలో ఉన్నది 1969 నుంచి 2001 వరకు, మ్యూజియంగా తెరిచింది 2002లో. కాబట్టి "ఇట్ ఈజ్ ఎ మ్యూజియం" సరే, "ఇట్ ఈజ్ ఇన్ ద నేవీ" అంటే తప్పు, అక్కడ వాజ్ రావాలి. అంత దూరం వెళ్లలేనివారు వంటింట్లోనో, బాల్కనీలోనో నిలబడి ఇదే చేయండి. ఇంటికి వచ్చాక రికార్డు వింటూ ఎన్నిచోట్ల క్రియ జారిందో గీతలు పెట్టుకోండి. పదో రోజు మళ్లీ అక్కడే నిలబడి మాట్లాడి, గీతల లెక్క పోల్చండి.

చివరి పరీక్ష ఇది. జవాబులు చూడకుండా పైకి చెప్పండి.

మా నాన్నగారు రైతు.
పాలు వేడిగా ఉన్నాయి.
నేను గాజువాకలో ఉంటాను.
నాకు జలుబుగా ఉంది.
మా వీధిలో రెండు బడులు ఉన్నాయి.
నువ్వు ఎందుకు ఏడుస్తున్నావు?
నా కళ్లజోడు ఎక్కడ ఉంది?
ఉల్లిపాయల ధర ఎక్కువగా ఉంది.
నాకు టీ ఇష్టం.
అందరూ సిద్ధంగా ఉన్నారు కదా?

జవాబులు, అదే వరుసలో: "మై ఫాదర్ ఈజ్ ఎ ఫార్మర్." "ద మిల్క్ ఈజ్ హాట్." "ఐ లివ్ ఇన్ గాజువాక." "ఐ హ్యావ్ ఎ కోల్డ్." "దేర్ ఆర్ టూ స్కూల్స్ ఇన్ అవర్ స్ట్రీట్." "వై ఆర్ యూ క్రయింగ్?" "వేర్ ఆర్ మై గ్లాసెస్?" "ద ప్రైస్ ఆఫ్ ఆనియన్స్ ఈజ్ హై." "ఐ లైక్ టీ." "ఎవ్రీవన్ ఈజ్ రెడీ, ఆరింట్ దే?"

పదిలో ఎనిమిది జవాబులు సరైతే మీ పని అయినట్టే. ఒకటోది, రెండోది, ఏడోది, ఎనిమిదోది, వీటిలో ఏది తప్పినా అయిదో మెట్టుకు వెళ్లండి. మూడోది తప్పితే మూడో మెట్టుకు, నాలుగోది, అయిదోది, తొమ్మిదోది, వీటిలో ఏది తప్పినా నాలుగో మెట్టుకు, ఆరోది తప్పితే ఏడో మెట్టుకు. పదోది తప్పితే దిగులు పడకండి. ఎవ్రీవన్ పక్కన ఈజ్ వచ్చి, చివరి ప్రశ్నలోకి వచ్చేసరికి దే, ఆర్ రావడం చూసి నా దగ్గర చదివేవారు కూడా అచ్చు తప్పేమో అని అడుగుతుంటారు. అచ్చు తప్పు కాదు, ఇంగ్లిషువారు అలాగే అంటారు.